రెండు బ్యాటరీలు, ఒకే కాడి: ఇన్వర్టరు బ్యాటరీలను సమాంతరంగా కలిపే సరైన విధానం

ఉద్దనపల్లి కూడలి నుండి రాయకోట వైపు వెళ్ళినా, హోసూరు వైపు వెళ్ళినా, నేడు చాలా ఇళ్ళ వరండాలలో ఒక మూల ఇన్వర్టరు, దాని క్రింద బరువైన బ్యాటరీ కనిపిస్తాయి. తమిళనాడులో 2008 నుండి కొన్నేళ్ళపాటు సాగిన విద్యుత్ కోతల కాలంలో ఇవి మన పల్లెలకు వచ్చాయి. 2012లో చెన్నై వెలుపలి ఊళ్ళలో కరెంటు గంటల తరబడి ఉండేది కాదు. పిల్లల పరీక్షల కోసం, పెద్దవారి నిద్ర కోసం అప్పు చేసి కొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ తరువాత కోతలు తగ్గినా, గాలివానకు తీగలు తెగిన రోజున ఇన్వర్టరే దిక్కు. ఇంటిలో ఫ్యానులు, దీపాలు పెరిగిన కొద్దీ చాలామంది ఉన్న బ్యాటరీ ప్రక్కన మరొకటి చేర్చుకుంటున్నారు.

ఈ రెండవ బ్యాటరీని ఎలా కలపాలి అన్నదే ఈ వ్యాస విషయం. బ్యాటరీతో వచ్చే చిన్న పుస్తకం సాధారణంగా ఆంగ్లంలోనో హిందీలోనో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన మన ఇంటి పెద్దలకు అది ఉపయోగపడదు. అందువలన ఈ విషయాన్ని మన భాషలో, కొంత వివరంగా వ్రాయవలసి వచ్చింది.

మా ఇంటి అనుభవం

కొన్ని సంవత్సరాల క్రితం మా ఇంటిలో 150 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు ఒకే రోజున కొని పెట్టించాము. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి. మూడేళ్ళు నిండకముందే మొదటి బ్యాటరీ చెడిపోయింది. కరెంటు పోయిన ఇరవై నిమిషాలకే ఇన్వర్టరు కూత పెట్టేది. “సరుకే మంచిది కాదు సార్” అని బిగించిన మెకానిక్కు చెప్పి వెళ్ళిపోయాడు.

నాకు నమ్మకం కలగలేదు. మల్టీమీటరు తెచ్చి చూశాను. ఇన్వర్టరు నుండి వచ్చిన ఎర్ర తీగ, నల్ల తీగ రెండూ మొదటి బ్యాటరీకే బిగించి ఉన్నాయి. అక్కడి నుండి రెండవ బ్యాటరీకి వేసిన జంపరు తీగలు ఇంటి గోడలలో వాడే సన్నని 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు. అంటే మూడేళ్ళుగా భారమంతా ఎక్కువ పాలు ఒకే బ్యాటరీ మోసింది. రెండవది ప్రక్కన నిలబడి చూసింది. తప్పు సరుకుది కాదు, కలిపిన తీరుది. దానికి మేము చెల్లించిన మూల్యం ఒక కొత్త బ్యాటరీ ధర.

సమాంతర సంధానం అంటే ఏమిటి?

ఎనిమిది, పది తరగతుల పాఠాలలో మన పిల్లలు చదివే విషయమే ఇది. బ్యాటరీలను రెండు విధాలుగా కలపవచ్చు.

శ్రేణి సంధానం: ఒకదాని ధన ధ్రువాన్ని మరొకదాని రుణ ధ్రువానికి కలపడం. ఇందులో వోల్టులు కూడుతాయి. 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపితే 24 వోల్టులు వస్తాయి. ఆంపియర్-గంటలు పెరగవు.

సమాంతర సంధానం: ధన ధ్రువాన్ని ధన ధ్రువానికి, రుణ ధ్రువాన్ని రుణ ధ్రువానికి కలపడం. ఇందులో వోల్టులు 12 గానే ఉంటాయి. ఆంపియర్-గంటలు కూడుతాయి. 150, 150 కలిసి 300 అవుతుంది.

మొదట మీ ఇన్వర్టరు మీద అంటించిన చీటీని చదవండి. 12 వోల్టులు అని ఉంటే సమాంతరంగా మాత్రమే కలపాలి. 24 వోల్టులు అని ఉంటే రెండింటిని శ్రేణిలో కలపాలి. 12 వోల్టుల ఇన్వర్టరుకు పొరపాటున 24 వోల్టులు ఇస్తే అది క్షణంలో కాలిపోతుంది.

భారంలో తేడా ఎక్కడ వస్తుంది?

కాడికి కట్టిన రెండు ఎద్దులను తలచుకోండి. ఏరుకాలు కాడి నడుమ కట్టి ఉంటే రెండింటి మీద భారం సమానం. కట్టు ఒక ప్రక్కకు జరిగితే దగ్గర ఉన్న ఎద్దు మెడ మీదే భారం పడుతుంది. ఎద్దులు రెండూ సమాన బలం కలవే అయినా దగ్గరిది ముందు అలసిపోతుంది. బ్యాటరీల విషయమూ ఇంతే.

ప్రతి బ్యాటరీకి లోపల కొంత నిరోధం ఉంటుంది. దానిని అంతర్నిరోధం అంటారు. అది చాలా తక్కువ, ఓములో వందవ వంతు, అంటే 10 మిల్లీ ఓములు అనుకుందాము. జంపరు తీగకు, దాని బిగింపులకు కలిపి 1 మిల్లీ ఓము అనుకుందాము. వినడానికి ఇది లెక్కలోనికి రానిదిగా తోస్తుంది. కాని బ్యాటరీ లోపలి నిరోధమే అంత తక్కువ కాబట్టి, ఈ చిన్న తేడా పెద్దదవుతుంది. ఎర్ర, నల్ల తీగలు రెండూ మొదటి బ్యాటరీ నుండే తీసుకుంటే 100 ఆంపియర్ల భారాన్ని బ్యాటరీలు ఇలా పంచుకుంటాయి:

రెండు బ్యాటరీలు: మొదటిది 55, రెండవది 45.
మూడు బ్యాటరీలు: 43, 31, 26.
నాలుగు బ్యాటరీలు: 39, 26, 19, 16.

నాలుగు ఉన్నచోట మొదటిది చివరిదానికన్నా రెండు రెట్లకు మించి మోస్తున్నది. ఇక మా ఇంటిలో వలె జంపరు తీగ సన్ననిదైతే రెండింటి మధ్యనే ఈ తేడా వస్తుంది. అర మీటరుకు కొంచెం మించిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 4 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. రెండు తీగలకు 8 దాటుతుంది. అప్పుడు పంపకం దాదాపు 65, 35. తుప్పు పట్టిన బిగింపు ఒకటి తోడైతే రెండవ బ్యాటరీ ఉన్నా లేనట్టే.

సరైన పద్ధతి: ఎదురు మూలల నుండి

దీనికి పరిష్కారం ఒక్క పైసా ఖర్చు లేనిది. ఇన్వర్టరు ఎర్ర తీగను మొదటి బ్యాటరీ ధన ధ్రువానికి, నల్ల తీగను చివరి బ్యాటరీ రుణ ధ్రువానికి బిగించాలి. అంటే ఒకటి ఈ కొసన, మరొకటి ఆ కొసన. అప్పుడు మొదటి బ్యాటరీకి నల్ల వైపు దారి పొడవు, రెండవదానికి ఎర్ర వైపు దారి పొడవు. మొత్తం మీద ఇద్దరూ నడిచే దూరం ఒక్కటే. పైన చెప్పిన లెక్క ప్రకారమే ఇప్పుడు పంపకం ఇలా మారుతుంది:

రెండు బ్యాటరీలు: 50, 50. జంపర్లు రెండూ ఒకే కొలతవైతే ఇది సరిసమానం.
మూడు బ్యాటరీలు: 34.4, 31.2, 34.4.
నాలుగు బ్యాటరీలు: 27, 23, 23, 27.

ఇళ్ళలో ఉండేవి ఎక్కువగా రెండే కాబట్టి మనకు ఈ పద్ధతి చాలు. మూడు లేక నాలుగు ఉన్న పాఠశాలలు, కోళ్ళ ఫారాలు, పూల తోటల శీతల గదులు మరొక పద్ధతిని అనుసరించవచ్చు. ఒక దళసరి రాగి పట్టీని ధన ధ్రువాలకు, మరొకదానిని రుణ ధ్రువాలకు ఉంచి, ప్రతి బ్యాటరీ నుండి ఆ పట్టీలకు ఒకే పొడవు, ఒకే మందం గల తీగలు వేయాలి. దగ్గరి బ్యాటరీకి పొట్టి తీగ చాలు గదా అని కత్తిరించకూడదు. మిగిలిన పొడవును చుట్టి ఉంచినా ఫరవాలేదు, కొలత మాత్రం ఒక్కటే ఉండాలి.

ఛార్జింగు సంగతి

భారం మోసేటప్పుడు ఏ దారి సులువో, ఛార్జి నింపేటప్పుడూ అదే దారి సులువు. ఎర్ర, నల్ల తీగలు రెండూ ఒకే బ్యాటరీకి ఉంటే అది ముందుగా నిండుతుంది. నిండిన కొద్దీ దాని వోల్టేజి పెరిగి, తీసుకునే కరెంటు తగ్గి, రెండవదానికి వంతు వస్తుంది. కనుక చాలినంత సమయం ఉంటే రెండూ నిండుతాయి. కాని రోజూ కరెంటు పోయే రోజులలో ఆ సమయం దొరకదు. రెండవది సగంలోనే ఆగిపోతుంది. సగం ఛార్జితో వారాల తరబడి ఉన్న బ్యాటరీ పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిగా పేరుకుంటుంది. ఆ తరువాత ఎంత నింపినా నిండదు. మొదటిదేమో రోజూ ఎక్కువ ఖాళీ అయి, ఎక్కువ వేడెక్కి, నీరు త్వరగా తగ్గి ముందే ముసలిదవుతుంది.

ఇందులో మరొక లెక్క ఉన్నది. సీసపు బ్యాటరీకి దాని ఆంపియర్-గంటలలో సుమారు పదవ వంతు కరెంటుతో ఛార్జి పెట్టడం వాడుక. 150కి 15 ఆంపియర్లు. రెండు కలిపి 300 అయితే 30 కావాలి. ఇంటి ఇన్వర్టరు చాలా వరకు 10 నుండి 15 ఆంపియర్లే ఇస్తుంది. సగం ఖాళీ అయిన 300 ఆంపియర్-గంటల జంటను 15 ఆంపియర్లతో నింపడానికి, నష్టాలు కలుపుకొని, 12 గంటలకు పైగా పడుతుంది. రెండవ బ్యాటరీ కొనేముందు మీ ఇన్వర్టరు ఎన్ని ఆంపియర్ల ఛార్జి ఇస్తుందో దుకాణంలో అడగండి. కొన్ని ఇన్వర్టర్లలో దీనిని పెంచే మీట ఉంటుంది.

రెండు బ్యాటరీలు ఎంతసేపు వస్తాయి? 300 ఆంపియర్-గంటలను 12 వోల్టులతో హెచ్చిస్తే 3,600 వాట్-గంటలు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే సగం మాత్రమే వాడుకోవడం మంచిది, అంటే 1,800. ఇన్వర్టరులో పోయే నష్టం తీసివేస్తే సుమారు 1,500. నాలుగు పాత ఫ్యానులు 300 వాట్లు, ఐదు ఎల్.ఇ.డి. దీపాలు 45 వాట్లు అనుకుంటే నాలుగు గంటలకు పైగా వస్తుంది. ఫ్యానులను 30 వాట్ల కొత్త రకానికి మార్చితే ఆ సమయం రెండింతలకు మించుతుంది. కొందరికి రెండవ బ్యాటరీ కన్నా ఫ్యానుల మార్పే లాభం. అలాగే 100 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు కొనడం కన్నా 200ది ఒకటి కొనడం మేలు. ఒక్కటే ఉన్నప్పుడు పంపకం అన్న సమస్యే లేదు.

ఏ బ్యాటరీని దేనితో కలపరాదు?

పాతదానితో కొత్తదానిని కలపరాదు. పాతదాని అంతర్నిరోధం పెరిగి ఉంటుంది, నిలువ సామర్థ్యం తగ్గి ఉంటుంది. కొత్తది దాని భారం కూడా మోసి త్వరగా చెడిపోతుంది. పాతదానిలో ఒక ఘటం లోపలే కలిసిపోతే ప్రమాదం ఇంకా పెద్దది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలు ఉంటాయి. ఒకటి పోతే అది 10 వోల్టుల బ్యాటరీ అవుతుంది. ప్రక్కనున్న మంచి బ్యాటరీ తన కరెంటునంతా దానిలోనికి గుమ్మరిస్తుంది. వేడెక్కడం, ఉబ్బడం, ఆమ్లం పొంగడం అప్పుడే జరుగుతాయి.

వేర్వేరు రకాలను, వేర్వేరు ఆంపియర్-గంటలను కలపరాదు. ట్యూబులరు బ్యాటరీకి ట్యూబులరే తోడు.

ట్రాక్టరు బ్యాటరీని ఇన్వర్టరు బ్యాటరీకి జత చేయరాదు. ట్రాక్టరు బ్యాటరీ పలకలు పలుచనివి. ఇంజనును తిప్పడానికి కొద్ది క్షణాలు పెద్ద కరెంటు ఇవ్వడం దాని పని. రాత్రంతా దీపాలకు వాడితే కొద్ది నెలలలోనే చెడిపోతుంది.

ఈ విషయంలో సముద్రపు మరపడవల వారి పద్ధతి గమనింపదగినది. కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల నుండి వేటకు వెళ్ళే పడవలలో దీపాలు, రేడియో, దారి చూపే జి.పి.ఎస్. అన్నీ బ్యాటరీల మీదే నడుస్తాయి. జాగ్రత్త గల పడవలో ఇంజను బ్యాటరీని వేరుగా ఉంచి, మిగిలిన వాటికి రెండు మూడు బ్యాటరీలను సమాంతరంగా కలుపుతారు. దీపాలు వెలిగి వెలిగి ఆ జంట ఖాళీ అయినా, తెల్లవారి ఇంజను కదలాలి గదా! ఎదురు మూలల నుండి తీగలు తీసే పద్ధతి అక్కడా ఇదే. ఉప్పుగాలికి బిగింపులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి తగరం పూత గల రాగి తీగలు వాడడం అక్కడ మేలు. మనకు ఉప్పుగాలి లేకపోయినా బ్యాటరీ ఆమ్లపు ఆవిరి ఉన్నది. తుప్పు మనకూ తప్పదు.

లిథియం బ్యాటరీల సంగతి వేరు. మన జిల్లా పోచంపల్లి వద్ద 2021లో మొదలైన ఓలా కర్మాగారం వంటివాటిలో తయారయ్యే స్కూటర్ల బ్యాటరీలలో చిన్న ఘటాలు సమాంతరంగానూ శ్రేణిలోనూ కలిసి ఉంటాయి. వాటిని కాపాడడానికి లోపల ఒక ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. లిథియం బ్యాటరీని సీసపు బ్యాటరీతో ఎన్నడూ కలపరాదు. స్కూటరు బ్యాటరీని విప్పి ఇంటికి వాడుకునే ప్రయత్నం అగ్నిప్రమాదానికి దారి తీస్తుంది.

కలిపే క్రమం

ఇది తెలిసిన మెకానిక్కు చేయవలసిన పని. అయితే క్రమం మనకు తెలిస్తే ప్రక్కన నిలిచి చూసుకోవచ్చు.

1. కలపడానికి ముందు ఒక్కొక్క బ్యాటరీని విడివిడిగా పూర్తిగా ఛార్జి చేయాలి. కొన్ని గంటలు ఊరక ఉంచి వోల్టేజి చూడాలి. రెండింటి మధ్య తేడా 0.1 వోల్టుకు మించరాదు. ఒకటి నిండి, మరొకటి ఖాళీగా ఉండగా కలిపితే పెద్ద నిప్పురవ్వ వస్తుంది.

2. ఇన్వర్టరును ఆపి, గోడ ప్లగ్గును ఊడదీయాలి. చేతి ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేయాలి. స్పానరు పిడికి ఇన్సులేషను టేపు చుట్టాలి.

3. బ్యాటరీల మధ్య రెండు మూడు వ్రేళ్ళ సందు ఉంచాలి. గాలి ఆడే చోటు కావాలి.

4. ధ్రువాలను, లగ్గులను మెరిసేవరకు శుభ్రం చేయాలి.

5. ధన ధ్రువాల మధ్య ఎర్ర జంపరు, ఆ తరువాత రుణ ధ్రువాల మధ్య నల్ల జంపరు బిగించాలి. రెండూ ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి. 800 వాట్లు లాగే ఇన్వర్టరు బ్యాటరీ నుండి దాదాపు 80 ఆంపియర్లు తీసుకుంటుంది. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయడం క్షేమం.

6. ఒక్కొక్క బ్యాటరీ ధన ధ్రువం దగ్గరే ఒక్కొక్క ఫ్యూజు ఉంచాలి. రెండూ ఒకే కొలతవి కావాలి. పైన చెప్పిన ఇన్వర్టరుకు 100 ఆంపియర్లవి చాలు. చెడిన బ్యాటరీలోనికి మంచిదాని కరెంటు దూకకుండా ఆపేది ఈ ఫ్యూజే.

7. చివరగా ఇన్వర్టరు ఎర్ర తీగను ఒక కొసన, నల్ల తీగను మరొక కొసన బిగించాలి. బిగించిన తరువాత పెట్రోలియం జెల్లీ పూయాలి. ముందే పూస్తే బిగింపులో అడ్డం పడవచ్చు.

మూడు నెలలకొక పరీక్ష

ఛార్జి నిండిన తరువాత తీగలు విప్పి, కొన్ని గంటలు ఆగి, ఒక్కొక్కదానిని విడిగా కొలవాలి. 12.6 లేక ఆ పైన ఉంటే నిండినట్టు. 12.2 అంటే సుమారు సగం. రెండింటి మధ్య 0.2 వోల్టులకు మించిన తేడా కనిపిస్తే బలహీనమైన దానిని హైడ్రామీటరుతో పరీక్షించాలి. ఆరు ఘటాలలో ఏ ఒక్కదాని సాంద్రత మిగిలినవాటికన్నా 0.030 తక్కువ ఉన్నా ఆ ఘటం మీద అనుమానం పడవలసిందే. అరగంట భారం మీద నడిచిన తరువాత ఏ బిగింపైనా వెచ్చగా తగిలితే అది వదులైనదని అర్థం.

నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బావి నీరు, బోరు నీరు, ఆమ్లం పోయరాదు. ఒక బ్యాటరీ మాత్రమే పదేపదే నీరు అడుగుతుంటే పంపకం సరిగా లేదని అది చెబుతున్నట్టు.

దీపానికి దూరం

ఛార్జి అయ్యే సీసపు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. మన ఇళ్ళలో చోటు చాలక బ్యాటరీని దేవుని గూటి క్రింద ఉంచడం చూస్తుంటాము. పైన దీపం, అగరువత్తులు, క్రింద హైడ్రోజను. దయచేసి చోటు మార్చండి. ఆయుధపూజ నాడు యంత్రాలకు కర్పూరహారతి ఇవ్వడం మన ఆచారం. బ్యాటరీకి పసుపు, కుంకుమ, పూలు చాలు. హారతిని దూరం నుండి చూపండి. ఆమ్లం కంటిలో పడితే వెంటనే ధారాళంగా నీటితో, కనీసం పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

పాత బ్యాటరీని ఇంటి వద్ద పగులగొట్టి సీసం తీయనీయకండి. సీసం చిన్న పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేసే విషం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. దుకాణంలో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గుతుంది కూడా.

1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని కనిపెట్టాడు. నేడు అవి హోసూరు దగ్గర ఎక్సైడ్ వారి కర్మాగారంలోను, తిరుపతి దగ్గర కరకంబాడిలో అమర రాజా వారి కర్మాగారంలోను తయారవుతున్నాయి. సరుకు మన ముంగిట్లోనిదే, వాడే తెలివే మనం నేర్చుకోవలసినది.

ఈ వ్యాసం చదివిన వారు ఈ సాయంకాలమే మీ ఇంటి ఇన్వర్టరు దగ్గర ఒక్కసారి వంగి చూడండి. ఏదీ ముట్టనవసరం లేదు. రెండు బ్యాటరీలు ఉంటే ఎర్ర తీగ, నల్ల తీగ ఒకే బ్యాటరీకి ఉన్నాయా, చెరొక కొసన ఉన్నాయా చూడండి. ఒకేదానికి ఉంటే మెకానిక్కును పిలిచి ఒక్క నల్ల తీగను రెండవ బ్యాటరీకి మార్పించండి. జంపరు తీగలు ఇన్వర్టరు తీగలకన్నా సన్నగా ఉంటే వాటినీ మార్పించండి. ఆ పది నిమిషాల పని మీ బ్యాటరీల జంటను సమంగా నడిపిస్తుంది.